ఎనిమిదో రౌండులో ఆగిపోయిన విజేత – ఒక అధ్యయనం



వార్షికోత్సవ సంచిక అనగానే గెలిచినవారి కథలే ఎక్కువగా కనిపిస్తాయి. అవి చదవాలి, తప్పదు. కానీ ఈసారి మేము వేరే కథ ఎంచుకున్నాము. డెబ్బైకి పైగా పోటీలు గెలిచి, ప్రపంచమంతా భయపడిన ఒక ముష్టియోధుడు ఒక రాత్రి పోటీ మధ్యలో చెయ్యి ఊపి "ఇక చాలు" అనేశాడు. అతనికి ఎముక విరగలేదు, రక్తం కారలేదు, అతను కింద పడలేదు. మరి ఎందుకు ఆగాడు? అలా ఆగినవాడిని గొప్పవాడు అనవచ్చా?

ఈ ప్రశ్న మీద మేము, అంటే హాస్టల్లో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న కొద్దిమంది మిత్రులం, చాలాసార్లు వాదించుకున్నాము. మన హాస్టళ్ళలో "వాడు మధ్యలో మానేశాడు" అనే మాట తరచుగా వింటాం. ఆ ఒక్క మాటతో ఆ మనిషి కథ ముగిసినట్టే మాట్లాడతారు. అలా మాట్లాడటం న్యాయమో కాదో తేల్చుకోవడానికి ఈ బాక్సర్ జీవితం మంచి పాఠమని మాకు అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ఎవరీ డ్యూరాన్?

అతని పేరు రాబర్టో డ్యూరాన్. 1951 జూన్ 16న మధ్య అమెరికాలోని పనామా దేశంలో పుట్టాడు. పెరిగింది రాజధాని పనామా సిటీలోని ఎల్ చోరియో అనే పేదవాడలో. తండ్రి అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. కుటుంబాన్ని వదిలి వెళ్ళిపోయాడు. తల్లి కష్టం మీద ఇల్లు గడిచేది. డ్యూరాన్ చిన్నతనంలోనే బూట్లకు పాలిష్ వేశాడు, వీధుల్లో పత్రికలు అమ్మాడు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. ఈ మాటలు చదువుతుంటే మనలో చాలామందికి మన వాడే గుర్తొస్తుంది.

1968లో, 16 ఏళ్ళ వయసులో, డబ్బు కోసం వృత్తి బాక్సర్ అయ్యాడు. 1972 జూన్ 26న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్కాట్లాండ్ బాక్సర్ కెన్ బుకానన్‌ను ఓడించి లైట్‌వెయిట్ ప్రపంచ విజేత అయ్యాడు. లైట్‌వెయిట్ అంటే 135 పౌండ్లు, మన లెక్కలో సుమారు 61 కిలోలు. ఆ టైటిల్‌ను 12 సార్లు నిలబెట్టుకున్నాడు. అతని దెబ్బ తిన్నవారికి చేతులు రాళ్ళలా తగిలేవి. అందుకే స్పానిష్‌లో "మానోస్ దె పియెద్రా", అంటే "రాతి చేతులు" అనే పేరు వచ్చింది.

1972 నవంబరులో టైటిల్‌తో సంబంధం లేని ఒక పోటీలో ఎస్తెబాన్ దె హెసూస్ అనే బాక్సర్ అతన్ని ఓడించాడు. అదే మొదటి ఓటమి. డ్యూరాన్ 1974లోనూ 1978లోనూ అదే మనిషిని నాకౌట్‌తో ఓడించి బాకీ తీర్చుకున్నాడు. కాబట్టి ఓడిపోయి మళ్ళీ లేవడం అతనికి చేతకాని పని కాదు. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

మొదటి పోటీ: పట్టుదల గెలిచింది

1979లో డ్యూరాన్ లైట్‌వెయిట్ టైటిల్ వదిలేసి, 147 పౌండ్ల వెల్టర్‌వెయిట్‌కు మారాడు. అక్కడ విజేత షుగర్ రే లియోనార్డ్. అమెరికావాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం సాధించినవాడు. వృత్తి బాక్సింగ్‌లో 27 పోటీలు ఆడి ఒక్కటీ ఓడనివాడు. వేగం, అందం, చిరునవ్వు, టీవీ ప్రకటనలు, అన్నీ అతనివే.

1980 జూన్ 20న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో ఇద్దరూ తలపడ్డారు. పోటీకి ముందు రోజుల్లో డ్యూరాన్ లియోనార్డ్‌ను తిట్టి తిట్టి కోపం రగిలించాడు. ఆ కోపంలో లియోనార్డ్ తన వేగాన్ని పక్కన పెట్టి, కాళ్ళు నేలకు ఆన్చి ఎదురెదురుగా కొట్లాటకు దిగాడు. డ్యూరాన్‌కు కావలసిందీ అదే. 15 రౌండ్ల తర్వాత ముగ్గురు న్యాయనిర్ణేతలూ డ్యూరాన్‌నే విజేతగా ప్రకటించారు. అప్పటికి అతని లెక్క 72 గెలుపులు, ఒక్క ఓటమి.

ఆ రోజు డ్యూరాన్ సాధనలో లోపం లేదు. మూలలో ఇద్దరు వృద్ధ గురువులు నిలబడ్డారు, రే ఆర్సెల్, ఫ్రెడ్డీ బ్రౌన్. ఆర్సెల్ 1899లో పుట్టినవారు, ఎన్నో తరాల విజేతలను తయారుచేసినవారు. గురువు మాట విన్నంత కాలం శిష్యుడు గెలిచాడు.

ఆ మధ్య 158 రోజులు

ఇక్కడ నుంచి కథ మారుతుంది. గెలిచాక డ్యూరాన్ పనామా చేరాడు. దేశమంతా పండుగ. చుట్టూ చేరిన బంధుమిత్రులు, విందులు, మద్యం, నృత్యాలు. ఆకలి ఎరిగినవాడికి అన్నం దొరికితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అతని బరువు 200 పౌండ్ల దాకా చేరిందని చెబుతారు. అంటే సుమారు 90 కిలోలు. రింగ్‌లోకి దిగాలంటే 147 పౌండ్లు, అంటే 67 కిలోల లోపు ఉండాలి.

లియోనార్డ్ వర్గం ఈ సంగతి కనిపెట్టింది. ప్రత్యర్థి కొవ్వు కరిగించుకోకముందే మళ్ళీ పోటీ పెట్టాలని తొందరపెట్టింది. డ్యూరాన్‌కు 80 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. అతని మేనేజర్ కార్లోస్ ఎలెటా ఒప్పుకున్నాడు. పోటీ తేదీ 1980 నవంబరు 25. మొదటి పోటీకీ రెండో పోటీకీ మధ్య ఉన్నవి సరిగ్గా 158 రోజులు. అందులో చాలా రోజులు విందులకే పోయాయి. మిగిలిన రోజుల్లో సాధన అంటే బరువు దించుకోవడమే అయింది. ఎత్తులు నేర్చుకునే సమయం చిక్కలేదు.

శరీరం లెక్క

ఇక్కడ కాస్త సైన్సు తెలుసుకోవాలి. వారానికి అర కిలో, కిలో చొప్పున నెమ్మదిగా తగ్గితే ఎక్కువగా కొవ్వు కరుగుతుంది. కండ నిలుస్తుంది. తొందరగా దించితే ముందు పోయేది నీరు, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్. గ్లైకోజెన్ అంటే కండరాలకు వెంటనే అక్కరకొచ్చే శక్తి. నీరు తగ్గితే రక్త పరిమాణం తగ్గుతుంది, గుండె వేగంగా కొట్టుకోవలసి వస్తుంది, త్వరగా ఆయాసం వస్తుంది. తూకం యంత్రం మీద అంకె సరిపోతుంది కానీ లోపల మనిషి ఖాళీగా ఉంటాడు.

ఆ రోజుల్లో తూకం పోటీ రోజునే జరిగేది. తూకం దిగగానే డ్యూరాన్ ఆకలి కొద్దీ భారీగా తిన్నాడు. కడుపు నిండా తిని కొద్ది గంటల్లోనే పరుగెత్తితే ఏమవుతుందో మనకు తెలుసు. జీర్ణం కోసం రక్తం కడుపు వైపు, పని కోసం కండరాల వైపు లాగుతుంది. కడుపులో పట్లు వస్తాయి.

ఇది పాత కథ అనుకోవద్దు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశపు కుస్తీ యోధురాలు వినేశ్ ఫొగాట్ ఫైనల్ చేరి కూడా, 50 కిలోల విభాగంలో 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు అనర్హురాలైంది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ విజేత అయింది. ఒలింపిక్ విభాగం కోసం రెండు కిలోలు దిగి, 2023లో 50 కిలోల్లో మళ్ళీ ప్రపంచ విజేత అయింది. రెండు కిలోలు దించడం వెనుకే ఎంతో క్రమశిక్షణ ఉంటే, ఇరవైకి పైగా కిలోలు దించడం మాటలా?

ఆ రాత్రి ఏం జరిగింది?

న్యూ ఆర్లీన్స్ నగరంలోని సూపర్‌డోమ్‌లో పోటీ. ఈసారి లియోనార్డ్ కోపానికి లొంగలేదు. కొట్టి పక్కకు జరిగాడు, తిరిగాడు, తాళ్ళ దగ్గర చిక్కకుండా తప్పించుకున్నాడు. డ్యూరాన్ వెంటపడ్డాడు గానీ అందుకోలేకపోయాడు. ఏడో రౌండులో లియోనార్డ్ వెక్కిరింపు మొదలుపెట్టాడు. ముఖం ముందుకు చాచి "కొట్టు" అన్నట్టు నిలబడ్డాడు. భుజాలు ఆడించాడు. కుడి చేతిని గుండ్రంగా తిప్పుతూ దానితో కొడతానని భ్రమపెట్టి, ఎడమ చేతితో ముఖం మీద కొట్టాడు. వేలాది మంది నవ్వారు.

ఎనిమిదో రౌండు. 2 నిమిషాల 44 సెకన్లు గడిచాయి. డ్యూరాన్ హఠాత్తుగా వెనుదిరిగి చెయ్యి ఊపాడు. రిఫరీ ఆక్టేవియో మెరాన్‌కు మొదట నమ్మకం కుదరలేదు. మళ్ళీ అడిగాడు. డ్యూరాన్ ఆడనన్నాడు. "నో మాస్", అంటే "ఇక చాలు" అన్నాడని లోకం చెప్పుకుంది. ఆ మాట తాను అనలేదని డ్యూరాన్ తర్వాత చెబుతూ వచ్చాడు. మాట ఏదైనా, ఆగిపోవడం మాత్రం నిజం.

రెండు అంకెలు గమనించండి. రౌండు ముగియడానికి ఉన్నది 16 సెకన్లే. ఆ తర్వాత ఒక నిమిషం విశ్రాంతి దొరికేది. ఇక న్యాయనిర్ణేతల లెక్కలు: 68–66, 68–66, 67–66. అంటే లియోనార్డ్ ఆధిక్యం రెండు పాయింట్లు, ఒకరి దగ్గర ఒక్కటే. ఇంకా ఏడు రౌండ్లకు పైగా మిగిలి ఉంది. ఓడిపోని పోటీని డ్యూరాన్ వదిలేశాడు.

మా చర్చ

మొదటి పక్షం వాదన: "ఇది క్రమశిక్షణ లేకపోవడమే. కడుపు నొప్పి అన్నాడు. ఆ నొప్పి ఎవరు తెచ్చిపెట్టారు? 158 రోజులు చేతిలో ఉంచుకుని పాడుచేసుకున్నాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. అంతేకాదు, మొదటి పోటీకి ముందు లియోనార్డ్‌ను ఎగతాళి చేసింది ఇతనే. తన వంతు వచ్చేసరికి భరించలేకపోయాడు. డబ్బు పెట్టి టికెట్ కొన్నవారికీ, పనామాలో ఆశగా చూసిన పేదవారికీ ద్రోహం చేశాడు."

రెండో పక్షం వాదన: "ఆగిపోవడం బాక్సర్ హక్కు. 1962 మార్చిలో బెన్నీ పారెట్ అనే బాక్సర్ ఎమిల్ గ్రిఫిత్ దెబ్బలకు రింగ్‌లో స్పృహ తప్పి, కొద్ది రోజులకు చనిపోయాడు. 1982 నవంబరులో కొరియా యువకుడు కిమ్ డుక్ కూ 14వ రౌండు దాకా ఆగకుండా పోరాడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ మరణం తర్వాతే టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించడం మొదలైంది. 'చచ్చినా ఆగకూడదు' అని చెప్పేవాళ్ళు టీవీ ముందు కూర్చుని చెబుతారు. చచ్చేది పేదింటి పిల్లవాడు. 1975లో మనీలాలో ముహమ్మద్ అలీ మీద జో ఫ్రేజియర్ ఇంకా ఆడతానన్నా, గురువు ఎడ్డీ ఫచ్ 15వ రౌండుకు పంపలేదు. ఆయన్ను ఎవరైనా పిరికివాడు అన్నారా?"

మొదటి పక్షం జవాబు: "ఫ్రేజియర్‌కు కళ్ళు వాచి మూసుకుపోయాయి. డ్యూరాన్ ప్రాణానికి ఆ రాత్రి ప్రమాదమేమీ లేదు. ప్రాణం కోసం ఆగడం వేరు, పరువు కోసం ఆగడం వేరు."

ఈ మాట దగ్గర మా అందరికీ కొంత స్పష్టత వచ్చింది. దానికి తోడుగా మరొక ఉదాహరణ దొరికింది. 2000 ఏప్రిల్ 1న బెర్లిన్‌లో విటాలీ క్లిచ్కో అనే ఉక్రెయిన్ బాక్సర్ క్రిస్ బర్డ్ మీద పాయింట్లలో ముందుండి కూడా, భుజం గాయంతో తొమ్మిదో రౌండు తర్వాత ఆగిపోయాడు. చాలామంది పిరికివాడన్నారు. 2003లో లెనాక్స్ లూయిస్‌తో కంటి దగ్గర లోతైన గాయాలతో పోరాడి, డాక్టరు ఆపితేనే ఆగాడు. ఆ తర్వాత అన్న నోళ్ళు మూతపడ్డాయి. భుజం కాపాడుకున్నందువల్లనే అతను మళ్ళీ విజేత కాగలిగాడు. కాబట్టి ఆగిన ప్రతివాడూ ఒకటి కాదు.

మూడో పక్షం కూడా ఒకటి ఉంది. మాలో ఒక మిత్రురాలు ఇలా అన్నారు: "మీరంతా డ్యూరాన్ ఒక్కడినే బోనులో నిలబెట్టారు. అతని బరువు సంగతి తెలిసి కూడా పోటీకి ఒప్పుకున్న మేనేజర్ ఎక్కడ? అతని డబ్బుతో తిని తాగిన స్నేహితులు ఎక్కడ? పేదరికం నుంచి వచ్చినవాడికి సంపాదించడం నేర్పారు గానీ, గెలిచాక ఎలా ఉండాలో ఎవరు నేర్పారు?" దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేకపోయింది. తప్పు అతనిదే, కానీ అతనొక్కడిదే కాదు అనే దగ్గర ఆగాము.

ఆ తర్వాత ఏమైంది?

పోటీ తర్వాత డ్యూరాన్‌కు లూసియానా అధికారులు జరిమానా వేశారు. పనామాలో దేవుడన్నవారే దుమ్మెత్తిపోశారు. 1982 జనవరిలో విల్ఫ్రెడ్ బెనితేజ్ చేతిలో, అదే ఏడు సెప్టెంబరులో పెద్దగా పేరు లేని కిర్క్‌లాండ్ లెయింగ్ చేతిలో ఓడిపోయాడు. పని అయిపోయిందన్నారు.

కానీ 1983 జనవరిలో పిపీనో క్వేవాస్‌ను నాలుగో రౌండులో పడగొట్టాడు. అదే ఏడు జూన్ 16న, సరిగ్గా తన 32వ పుట్టినరోజున, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డేవీ మూర్ అనే అజేయ యువకుడిని ఓడించి జూనియర్ మిడిల్‌వెయిట్ విజేత అయ్యాడు. నవంబరులో తనకంటే బలవంతుడైన మార్విన్ హ్యాగ్లర్ ముందు 15 రౌండ్లూ నిలబడి స్వల్ప తేడాతో ఓడాడు. ఈసారి వెనుదిరగలేదు. 1984లో థామస్ హెర్న్స్ రెండో రౌండులోనే పడగొట్టాడు. మళ్ళీ అయిపోయిందన్నారు. 1989 ఫిబ్రవరిలో, 37 ఏళ్ళ వయసులో, తనకంటే ఎంతో ఎత్తయిన ఐరన్ బార్క్‌లీని 11వ రౌండులో కింద పడేసి, పాయింట్లతో గెలిచి మిడిల్‌వెయిట్ టైటిల్ అందుకున్నాడు. నాలుగు వేర్వేరు బరువుల్లో ప్రపంచ విజేత!

అదే ఏడు డిసెంబరులో లియోనార్డ్‌తో మూడోసారి ఆడి పాయింట్లతో ఓడాడు. 2001లో కారు ప్రమాదం తర్వాత, 2002లో 50 ఏళ్ళ వయసులో రిటైరయ్యాడు. మొత్తం 119 పోటీలు, 103 గెలుపులు, అందులో 70 నాకౌట్లు, 16 ఓటములు. 2007లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఆ రాత్రికి ముందు 72 గెలుపులు. ఆ రాత్రి తర్వాత 31. "నో మాస్" తర్వాత అతను ఇంకేమీ చేయకుండా ఉంటే, ఆ రెండు మాటలే అతని సమాధి రాయి మీద మిగిలేవి. మళ్ళీ వచ్చాడు కాబట్టి, అది అతని కథలో ఒక అధ్యాయం మాత్రమే అయింది. అయితే ఆ అధ్యాయం చెరిగిపోలేదు కూడా. ఈ రోజుకీ డ్యూరాన్ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే.

మనం నేర్చుకోవలసినవి

1. గెలిచిన మర్నాడే పరీక్ష మొదలవుతుంది. పదో తరగతిలో మంచి మార్కులు రాగానే ఇంటర్ మొదటి ఏడు వదిలేసేవారు మనలో తక్కువేమీ కాదు. ఇంట్లో మనమే మొదటి చదువరులమైతే ఊళ్ళో పొగడ్తలు ఎక్కువ. ఆ పొగడ్తలు కూడా విందు భోజనం లాంటివే.

2. తూకం వేరు, సత్తా వేరు. చివరి పది రోజుల్లో బట్టీపట్టి హాల్ టికెట్ అందుకోవడం తొందరగా బరువు దించడం లాంటిది. అంకె సరిపోతుంది గానీ ఎనిమిదో రౌండుకు ఊపిరి ఉండదు. రోజూ రెండు గంటలే అయినా ఏడాది పొడవునా చదివితే ఒంటికి పడుతుంది.

3. నవ్వుకు ఆగవద్దు. మా అనుభవంలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. హాస్టల్ దాటి పెద్ద కాలేజీకి వెళ్ళినప్పుడు మన ఇంగ్లీషు చూసి, మన బట్టలు చూసి, మన యాస విని నవ్వేవారు ఉంటారు. మాతో చదివిన కొందరు పాఠం అర్థంకాక మానలేదు. ఆ నవ్వు భరించలేక మానేశారు. వారికి తెలివి తక్కువ కాదు. లియోనార్డ్ వెక్కిరింపు డ్యూరాన్‌కు రెండు పాయింట్ల నష్టమే చేసింది. మిగతా నష్టం అతనే చేసుకున్నాడు. నవ్వేవాడికి కావలసింది మనం తలుపు తీసుకుని బయటికి వెళ్ళడమే. బెంచీ వదలకండి.

4. ఆ 16 సెకన్లు ఓపిక పట్టండి. కోపంలో, అవమానంలో ఉన్నప్పుడు టీసీ అడగవద్దు. గంట మోగనివ్వండి, మూలలో కూర్చోండి, మంచినీళ్ళు తాగండి, వార్డెన్ గారితోనో ఒక సీనియర్‌తోనో ఒక్క మాట మాట్లాడండి. ఆ తర్వాత కూడా ఆగాలనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

5. నిజంగా ఆగవలసి వస్తే సిగ్గుపడవద్దు. జబ్బు చేసి, తండ్రి పోయి, ఇంట్లో పూట గడవక చదువు ఆపినవారు ఫచ్ గారి మాట విన్న ఫ్రేజియర్ లాంటివారు. వారిని "మానేసినవాడు" అని పిలవడం మనం మానేయాలి. సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ యూనివర్సిటీ ఉంది, వచ్చే ఏడు ఉంది. తిరిగి వచ్చే దారి తెలిసి ఆగినవాడు ఓడినట్టు కాదు.

6. మన మూలలో ఎవరున్నారో చూసుకోండి. గెలిచినప్పుడు విందుకు వచ్చేవారు వేరు, ఓడినప్పుడు తువాలు పట్టుకుని నిలబడేవారు వేరు. మీ స్నేహితుడికి మీరు రెండో రకంగా ఉండండి. ఈ నెల క్లాసుకు రాని మీ రూమ్మేట్ ఎవరో మీకు తెలుసు. అతని ఊరికి ఒక ఫోను చేయండి.

చివరిగా, డ్యూరాన్ గొప్పవాడేనా అనే ప్రశ్న. మాలో అందరూ ఒక్క మాట మీదకు రాలేదు. ఆ రాత్రి అతను చేసింది తప్పని అందరం ఒప్పుకున్నాము. ఆ రాత్రితో అతన్ని కొలవకూడదని ఎక్కువమంది అన్నాము. మీరేమంటారు? మీ గదుల్లో, మీ ఆదివారం సభల్లో దీని మీద చర్చ పెట్టండి. ఒకరు డ్యూరాన్ తరఫున, ఒకరు ఎదురుగా మాట్లాడండి. మాట్లాడేవాడిని చూసి మాత్రం ఎవరూ నవ్వవద్దు.